ఎండ కాసే వేళే బోరు తిరగాలి

దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20 వేల మెగావాట్లు వస్తే చాలనుకున్నాం. గర్వపడాల్సిన సంగతే. కానీ కదిరి పక్క పల్లెలో పుట్టినదాన్ని. ఆ కరెంటు మా బోర్లకు ఏ వేళకు అందుతోందన్నదే నాకు ముఖ్యం.

నా చిన్నప్పుడు త్రీఫేజ్ వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు పడితే నాయన టార్చిలైటు, పార పట్టుకుని చేనికి పోయేవాడు. మోటారు వేసి తెల్లారేదాకా మడవలు తిప్పాలి. అమ్మకు కన్ను మూతపడేది కాదు. గెనిమ మీద పాము, తడిచేత్తో తాకే స్టార్టరు... రెండూ మా ఊళ్లో మనుషుల్ని తీసుకుపోయాయి. ఆటోమేటిక్ స్టార్టర్లు వచ్చాక కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ట్రాన్స్‌ఫార్మరు కాలేది. అది బాగై వచ్చేలోపు మడి నెర్రెలిచ్చేది.

రాత్రి కరెంటుకు అప్పట్లో ఒక కారణముంది. రాత్రి బాగా పొద్దుపోయాక గిరాకీ తగ్గినా బొగ్గు కేంద్రాలను ఆపలేరు. ఆ మిగులును చేలకు మళ్లించారు. ఇప్పుడు మిగులు మధ్యాహ్నానికి మారింది, కొరత సాయంత్రానికి వచ్చింది. రాజస్థాన్‌లో కొన్ని వేళల్లో సోలార్ ఉత్పత్తిని తగ్గించమంటున్నారు కూడా. ఆ మిగులును సాయంత్రానికి దాచాలంటే బ్యాటరీలు కావాలి, శ్రీశైలం ఎడమగట్టులోలా నీటిని వెనక్కి ఎత్తిపోసే యంత్రాలూ కావాలి. వాటికి కోట్లు, ఏళ్లు పడతాయి. బోరు మోటారును మధ్యాహ్నం తిప్పడానికి అంత ఖర్చు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో సాగుకు పగటిపూటే 9 గంటలు ఉచిత కరెంటు ఇవ్వాలన్నది విధానం. అది ప్రతి పల్లెలో నిజం కావాలంటే వ్యవసాయ ఫీడర్లు వేరుగా ఉండాలి, సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సోలార్ ప్లాంటు రావాలి. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్‌లో ఈ ఏర్పాటుంది. మహారాష్ట్ర 2017 నుంచే ఈ దారిలో ఉంది. కర్నూలు సోలార్ పార్కులా 1,000 మెగావాట్లకు దాదాపు 6 వేల ఎకరాలు ఒక్కచోటే తీసుకుంటే గొర్రెల మందలకు బీడు మిగలదు. పది ఎకరాల ప్లాంటుకు ఆ చిక్కు లేదు, కరెంటూ దూరం మోయక్కర్లేదు.

పగలు ఉచితంగా ఇస్తే భూగర్భజలం అడుగంటుతుందన్న భయం అనంతపురం సీమలో తోసిపుచ్చలేనిది. అందుకే వాడని యూనిట్లకు రైతుకు డబ్బు కట్టివ్వాలి. అప్పుడు మోటారు ఆపడమూ రాబడే.

పగటి కరెంటు కోసం కొత్త పథకం అడగడం లేదు. ఏ ఫీడరుకు పగటి కరెంటు ఎన్ని గంటలు అందిందో డిస్కంలు నెలనెలా సబ్‌స్టేషన్ గోడ మీద రాసి పెట్టాలి.