పంకం కోరని నీటిమొక్క

నీటిమొక్క అనగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించేది తామర. కవులు దానిని పంకజమన్నారు. బురదలో పుట్టినదని ఆ మాటకు అర్థం. కావ్యపరిచయం వలన కలిగిన ఈ సంస్కారం రసాస్వాదనకు మేలు చేసినదే గాని, ఇంట గాజుతొట్టి పెట్టి చేపలను పెంచేవారికి మాత్రం కొంత కీడు చేస్తున్నది. నీటిమొక్కలన్నీ బురదనే కోరుతాయన్న భ్రమతో వారు కొన్నింటిని చేజేతులా చంపుకుంటున్నారు.

అక్వేరియంలలో విరివిగా కనిపించే జావా ఫెర్న్, అనూబియాస్ అట్టి మొక్కలు. మొదటిది ఆగ్నేయాసియా సెలయేళ్ల గట్లపై రాళ్లను, చెట్ల వేళ్లను పట్టుకొని పెరుగుతుంది. రెండవది ఆఫ్రికా అడవులలోని ఏటి నీడలది. షాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1857లో ఈ ప్రజాతికి ఈజిప్టు దేవత అనూబిస్ పేరు మీదుగా నామకరణం చేశాడు. ఇది మన చేమకు, కందకు చుట్టం. వాటి కుటుంబానికే చెందినది. అయినా పెరట్లో చేమదుంపను పాతినట్లు దీనిని పాతరాదు.

కారణం ఈ మొక్కల నిర్మాణంలోనే ఉన్నది. పసుపుకొమ్ము వలె అడ్డంగా సాగే లావైన కాండం వీటికి ఉంటుంది. ఆకులు దాని పైనుండి, వేళ్లు క్రిందినుండి పుడతాయి. పసుపుకొమ్ము మట్టిలో ఊరుతుంది. ఈ కొమ్ము మట్టిలో కుళ్లుతుంది. దాని చుట్టూ నీరు ఆడుతూ ఉండవలెను.

అందుచేత దీనికి తగిన చోటు రాయి. ఆ రాయి ఆధారమే గాని ఆహారం కాదు. మామిడికొమ్మపై బదనిక చెట్టు రసాన్ని పీల్చి బతుకుతుంది. గోపురంపై మొలచిన రావి గోడనే చీలుస్తుంది. ఈ మొక్కలు రెండు పనులూ చేయవు. తమ పోషకాలను, చేపల విసర్జన వలన చేరిన నత్రజని పదార్థాలతో సహా, నీటినుండే గ్రహిస్తాయి. ప్లాస్టిక్ ఆకులు చాలుననేవారు ఈ ఉపకారాన్ని గమనించడం లేదు.

చేయవలసిన పని స్వల్పం. సున్నపురాతి జాతి నాపరాయి నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. గరుకైన గ్రానైటు ముక్క మేలు. కొమ్మును దానిపై ఆనించి, కోసుకుపోకుండా నూలుదారంతో చుట్టితే చాలును. దారం చివికేలోగా వేళ్లు రాతిని కరచుకుంటాయి. ఆలస్యమైతే మరల కట్టవలెను.

ఆ తరువాత కావలసినది ఓర్పు. వీటి ఎదుగుదల మందగమనం. తొందరపడి వెలుతురు తీవ్రం చేస్తే ఆకులపై నాచు పేరుకుంటుంది. ఫెర్న్ ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు చూచి తెగులని కత్తిరించేవారున్నారు. వరుసగా తీర్చినట్లుండే ఆ చుక్కలు సిద్ధబీజాలు పుట్టే చోట్లు. రణపాల ఆకు అంచున వలె ఈ ఆకులపైనా పిల్లమొక్కలు పుడతాయి. వేళ్లు సాగిన పిమ్మట వాటిని విడదీసి వేరొక రాతికి కట్టవచ్చును.

పాతిన మొక్క కొన్ని వారాలలో కుళ్లిపోగా, తమ చేతిలో మొక్క బతకదని నిరుత్సాహపడి తొట్టినే మూలపెట్టేవారు కలరు. నేరం వారి చేతిది కాదు. మట్టిలో పెట్టడమే ఆదరణ అనుకున్న వారి అలవాటుది. 'కొమ్మును పాతవద్దు' అన్న ఒక్క మాట అమ్మేవారు చెప్పితే ఆ మొక్క బతికేది. వెల చెప్పే నోటితోనే మొక్క పుట్టిన తావును కూడా చెప్పడం వ్యాపారధర్మం. కొనేవారు సైతం ఖరీదెంతని అడుగకముందే, ఇది దేనిని పట్టుకొని పెరిగే మొక్క అని అడిగి తెలిసికొనవలెను.