పులి ఎందుకు దూకలేదు?



ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. మెస్ సాంబారు మీద అప్పటికే ముగ్గురు రాసిచ్చారని తెలిసి మానుకున్నాం. అందుకని ఈ ఏడాదంతా మా గదిలో నడిచిన వాదన గురించి రాస్తున్నాం. ప్రోగ్రాంలు రాయడానికి ఏఐ సహాయం తీసుకోవచ్చా, కూడదా? మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. తీసుకోవాలి, మనలాంటివాళ్ళు మరీ తీసుకోవాలి. కాని అది రాసిచ్చినదాన్ని విడమరచి చెప్పలేనప్పుడు మన పని అని చెప్పుకోకూడదు.

మా గదిలో నలుగురం, అందరం ఎం.సి.ఏ. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, ఈ లూప్ ఎందుకు ఆగడం లేదు?" అని అడగలేం కదా. క్లాసులో లేచి అడుగుదామంటే ఇంగ్లీషు భయం, పక్కవాళ్ళు నవ్వుతారన్న భయం. కొందరికి కోచింగులుంటాయి, అమెరికాలో అన్నయ్యలుంటారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అర్ధరాత్రి అడగడానికి మనకూ ఒకటి దొరికింది. తెలుగులో అడిగినా చెబుతుంది. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా విసుక్కోదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అడగడానికి మనిషి లేక సబ్జెక్టులు వదిలేసుకున్న సీనియర్లు మన హాస్టల్లోనే ఉన్నారు.

ఇక మా సంగతి. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక పులి-మేక ఆటను కంప్యూటర్లో తయారు చేద్దామనుకున్నాం. అరుగు మీద బొగ్గుతో గీసుకుని రాళ్ళతో, చింతగింజలతో ఆడే ఆటే. గుడి మండపాల బండల మీద చెక్కి ఉండడం మీరూ చూసే ఉంటారు. ఆటలు తయారు చేసే ఇంజన్లలో గోడో అనేది పూర్తిగా ఉచితం, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. అదే ఎంచుకున్నాం. ఏఐని తెరిచి "పులి-మేక ఆట రాసిపెట్టు" అన్నాం.

నిమిషంలో వచ్చింది. చదరపు పటం, 4 పులులు, 20 మేకలు! అది నేపాల్ వాళ్ళ బాఘ్ చాల్. మనది త్రికోణం, 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. కాని అది ఎంత ధీమాగా చెప్పిందంటే, మాలో ఒకడు "మన ఊళ్ళోనే తప్పుగా ఆడుతున్నారేమోరా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

పటం గీసి, నియమాలు ఒక్కొక్కటే చెప్పి మళ్ళీ రాయించాం. మేకను పటం మీద పెట్టే చోటే ఆగిపోయింది. 2023లో గోడో 4 వచ్చినప్పుడు చాలా ఆజ్ఞల పేర్లు మారాయి. పాతదాంట్లో ఇన్‌స్టన్స్ అన్నది కొత్తదాంట్లో ఇన్‌స్టాన్షియేట్ అయింది. ఇది రెండూ కలిపి రాసేసింది. అది ఒక సాయంత్రంలో తేలిపోయింది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. ఉగాదికి మా మిత్రుడు లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాయనమ్మ చేత ఆడించాడు. ఆమె కాసేపు చూసి, "ఆ కొసన ఉన్న పులి ముసలిదా ఏందిరా? కిందనే మేక ఉంటే దూకదేం?" అంది. నెల రోజులుగా మాలో ఎవ్వరం గమనించలేదు! ఏఐ ఏం చేసిందంటే, పులి ఉన్న చోటుకీ దూకే చోటుకీ సరిగ్గా నడుమ మేక ఉందా అని లెక్క కట్టింది. చదరపు పటానికి అది సరిపోతుంది. మన పటంలో పై కొస నుంచి మొదటి అడ్డగీతకు దూరం ఎక్కువ, ఆ కింది గీతల మధ్య తక్కువ. అంటే మేక దారిలోనే ఉంటుంది, లెక్క ప్రకారం నడుమ ఉండదు. సరిచేయమంటే మూడుసార్లు క్షమాపణ చెప్పింది, మూడుసార్లూ కొత్త తప్పు చేసింది.

చివరికి దాన్ని మూసేసి కాగితం తీశాం. స్థానాలకు 1 నుంచి 23 దాకా అంకెలు వేసి, ఎక్కడి నుంచి, దేని మీదుగా, ఎక్కడికి దూకవచ్చో చేత్తో పట్టిక రాశాం. రెండు రాత్రులు పట్టింది. అప్పుడు పట్టికను ఏఐకి చూపించి ఏమైనా వదిలేశామా అని అడిగితే మేము మరిచిన రెండు దూకుళ్ళు పట్టి ఇచ్చింది. ఒప్పుకోవాలి మరి.

తర్వాత ఒక కంపెనీ ఇంటర్వ్యూకు మాలో ఇద్దరు వెళ్ళారు. "దూరం లెక్కకట్టకుండా ఈ పట్టిక ఎందుకు?" అని అడిగారట. వచ్చీరాని ఇంగ్లీషులోనే పది నిమిషాలు చెప్పారు. వాళ్ళకన్నా ముందు వెళ్ళిన క్లాస్‌మేట్ ప్రాజెక్టు చూడ్డానికి మా దానికన్నా ఎంతో బాగుంటుంది. ఒక్క వరుస వివరించమంటే చెమటలు పట్టాయని వాడే చెప్పాడు. వాణ్ని తప్పు పట్టడం లేదు. మొదటి సెమిస్టరులో మేమూ అలాగే సబ్మిట్ చేసి మార్కులు తెచ్చుకున్నాం.

ఇదంతా చూసి కొందరు పెద్దలు ఏఐని నిషేధించాలంటారు. సొంత ట్యూషన్లున్నవాళ్ళకు నిషేధం వల్ల పోయేదేముంది? పోయేది మనకే. నిషేధం మాట అటుంచి, రీడింగ్ రూంలో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి ఎప్పుడూ పనిచేయదు, ముందు దాని సంగతి చూస్తే బాగుండును. తమ్ముళ్ళు ఫోన్ల మీదే ప్రోగ్రాంలు చదువుతున్నారు. అక్కడ కాపీ చేయడం సులువు, చదవడం కష్టం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు పాత లాప్‌టాప్‌లు పారేసే ముందు మమ్మల్ని ఒకసారి తలచుకోండి.

ఆటలో పులి బొమ్మ ఇంటర్ చదివే తమ్ముడొకడు గీశాడు. ఏఐ గీసిన పులి సర్కస్ పులిలా ఉంది, ఎవరికీ నచ్చలేదు. మేకల వైపు కంప్యూటరే ఆడే భాగం ఇంకా కుదరలేదు, మేకలు తమంతట తామే పులి నోట్లోకి నడిచిపోతున్నాయి. ప్రస్తుతానికి పనిచేసే ఆ ఒక్క కంప్యూటర్లో ఆట పెట్టి ఉంచాం. వార్షికోత్సవానికి వచ్చినవాళ్ళు ఆడి చూడండి. తప్పు దొరికితే 14వ నంబరు గదికి వచ్చి చెప్పండి. మీ ఊళ్ళో వేరే విధంగా ఆడితే అదీ చెప్పండి, రాసుకుంటాం.