సి.ఎ. చదువుకు ముందు లెక్క, ఆ తరువాతే అప్పు

కాలువకు నీరు ఎప్పుడు వస్తుందో, కోత ఏ నెలలో పడుతుందో లెక్క చూసుకోకుండా ఏ రైతూ నారు పోయడు. ఆ రైతే పిల్లవాణ్ణి సి.ఎ. చదువులో చేర్చేటప్పుడు మాత్రం లెక్క మరచిపోతున్నాడు. ఫీజు ఎంత, హాస్టలు ఎంత, అప్పు ఎక్కడ పుడుతుంది అన్న మూడు ప్రశ్నలతోనే ఇంట్లో ఆలోచన ముగుస్తున్నది. పరీక్ష ఏ నెలలో, చేతిలో ఎన్ని వారాలు ఉన్నవి, వాటిలో ఇంటి పనులకు ఎన్ని పోతాయి అని అడిగేవారు తక్కువ. గుంటూరు, విజయవాడ పట్టణాలు ఈ శిక్షణకు పేరుపడినవి కావడంతో డెల్టా పల్లెలనుంచి పిల్లలు అక్కడికి చేరుతున్నారు. కొందరు నెగ్గుకు వస్తున్నారు. తప్పినవారి ఇళ్ళలో వడ్డీ మిగులుతున్నది. తప్పిన ప్రతివారూ తెలివితక్కువవారు కారు. కాలం లెక్క తప్పినవారూ వారిలో ఉన్నారు.

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949లో వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ సంస్థే ఈ పరీక్షలు జరుపుతున్నది. మెట్లు మూడు: ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. ఈ ఇంటర్మీడియట్ జూనియర్ కళాశాల ఇంటరు కాదు. అది ముగిసిన తరువాతే ఫౌండేషన్ రాయాలి. 55 శాతం మార్కులతో బి.కాం. పూర్తిచేసినవారు ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండవ మెట్టులో చేరవచ్చు. రెండవ మెట్టులో రెండు గ్రూపులూ నెగ్గాక రెండేళ్ళు ఆడిటర్ వద్ద పని నేర్చుకోవాలి. కనుక ఇది ఒక్క వేసవి శిక్షణతో తేలే చదువు కాదు.

ఫౌండేషన్ పరీక్ష ఇప్పుడు ఏటా మూడుసార్లు, జనవరి, మే-జూన్, సెప్టెంబరు నెలల్లో జరుగుతున్నది. ఏ విడతకు కూర్చోవాలన్నదే మొదటి నిర్ణయం. కాని దీన్ని శిక్షణాలయంవారికి వదిలివేయడం పరిపాటి అయింది. మార్చిలో కళాశాల పరీక్షలు రాసి, వెంటనే మే విడతకు కూర్చునే పిల్లలకు మిగిలేది కొద్ది వారాలు మాత్రమే. సెప్టెంబరు విడత పెట్టుకుంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అయిదు నెలలు చేతిలో ఉంటాయి. అయితే జూలై, ఆగస్టులలో నాట్లు పడతాయి. జనవరి విడత అంటే వరి కోతలు, మినుము చల్లడం, కుప్ప నూర్పిళ్ళు అన్నీ ఆ చదువు నెలల్లోనే వస్తాయి. ఇంట్లో ఉండి చదివే పిల్లవాడు పొలం పనికి ఏ వారాలు సాయం రావాలి, ఏ వారాలు రానక్కరలేదు అన్నది తండ్రీ కొడుకులు ముందే కూర్చుని పంచాంగం మీద గుర్తు పెట్టుకోవాలి. అది జరగని ఇంట్లో పొలమూ చెడుతుంది, చదువూ చెడుతుంది.

రెండవది మార్కుల లెక్క. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, పేపరుకు నూరు మార్కులు. ప్రతి పేపరులోనూ 40 రావాలి, మొత్తం మీద సగం రావాలి. నాలుగింటిలోనూ సరిగ్గా 40 తెచ్చుకుంటే 160 మాత్రమే అవుతుంది. కావలసింది 200. కనుక బాగా వచ్చిన సబ్జెక్టు మిగిలినవాటి లోటు పూడ్చాలి. అయినా ఏ ఒక్కటీ 40కి తగ్గరాదు. గణితం, అర్థశాస్త్రం పేపర్లలో తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉన్నది. ప్రశ్నకు ఒక మార్కు చొప్పున చూస్తే, 48 సరిగా రాసి 40 ఊహమీద తప్పు గుర్తించినవారికి పది మార్కులు పోయి 38 మిగులుతాయి. ఊరుకుంటే నెగ్గవలసినవారు గుడ్డి ఊహతో తప్పుతారు. తెలియని ప్రశ్నను వదలడం కూడా చదువులో భాగమేనని పిల్లలకు చెప్పాలి.

రెండవ మెట్టులో మూడేసి పేపర్ల గ్రూపులు రెండు. రెండూ ఒకేసారి రాయాలా, ఒకటే రాయాలా అన్న చర్చ ప్రతి ఇంట్లోనూ వస్తున్నది. రెండూ కలిపి రాసినవారికి ఒక సౌలభ్యం ఉన్నది. అన్ని పేపర్లలోనూ 40 దాటి, ఒక గ్రూపులో 145, రెండవదానిలో 155 వచ్చినా, మొత్తం 300 కాబట్టి రెండూ నెగ్గినట్లే. ఒక్కటే రాసినవారికి ఆ 145 చాలదు. అయితే సిద్ధపడని ఆరు పేపర్ల కంటె సిద్ధపడిన మూడు పేపర్లు మేలు. పరీక్షకు రెండు నెలల ముందు పాఠాలన్నీ ఒకసారి ముగిశాయా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి. గ్రూపు తప్పినా ఒక పేపరులో 60 తెచ్చుకున్నవారు తరువాతి మూడు విడతల వరకు ఆ పేపరు మళ్ళీ రాయనక్కరలేదు. ఇది తెలియక తప్పినవెంటనే నిరాశ చెందేవారు ఉన్నారు.

పుస్తకాల విషయంలో మరొక పొరపాటు జరుగుతున్నది. అన్న చదివిన పుస్తకాలు తమ్ముడికి వస్తాయనుకోవడం పల్లెలో సహజం. లెక్కలకు కొంతవరకు వస్తాయేమో గాని పన్నుల సబ్జెక్టుకు రావు. జి.ఎస్.టి. 2017లో వచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం ఆమోదం పొందింది. పాత పుస్తకం చదివి వెళ్ళినవారు పాత చట్టమే రాసి వస్తారు. సంస్థవారి పాఠ్యగ్రంథాలు, ప్రతి విడతకు వెలువరించే పునశ్చరణ పత్రాలు, నమూనా పరీక్షలు, గత పరీక్షల జవాబులు అన్నీ సెల్‌ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. వేలు పోసి కొనే నోట్సుకంటె ముందు చదవవలసినవి ఇవే.

పరీక్ష ఇంగ్లీషులోగాని హిందీలోగాని రాయాలి. తెలుగులో వీలు లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు అసలు గండం ఇదే. అర్థమైనదంతా వ్రాతలోకి రాదు. దీనికి మందు రోజూ రాయడమే. చట్టం ఏమి చెబుతున్నది, ఇచ్చిన విషయానికి అది ఎట్లా వర్తిస్తుంది, తేలినది ఏమిటి అని మూడు భాగాలుగా, చిన్న ఇంగ్లీషు వాక్యాలలో, రోజుకు రెండు జవాబులు రాసినవారికి నాలుగు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

ఇక కాలాన్ని పంచుకునే తీరు. ఉన్న నెలల్లో సగానికి పైగా మొదటి చదువుకు, అందులోనే ఉదాహరణ లెక్కలన్నీ చేతితో చేయడానికి ఇవ్వాలి. మిగిలినదానిలో ఎక్కువ భాగం రెండవసారి చదవడానికి, తప్పిన లెక్కలు మళ్ళీ చేయడానికి. చివరి మూడు వారాలు కొత్త పాఠం ముట్టరాదు. గడియారం పెట్టుకుని పూర్తి పేపర్లు రాయాలి. వారంలో ఒక పూట ఖాళీగా ఉంచుకోవాలి. జ్వరం వచ్చినా, చుట్టం వచ్చినా ఆ పూట ఆదుకుంటుంది.

ఇంటివారి బాధ్యతా తక్కువ కాదు. శిక్షణాలయం గోడమీద ర్యాంకుల బొమ్మలు చూసి మురిసిపోక, ఎందరు చేరారు, అందులో ఎందరు నెగ్గారు అని తండ్రులు అడగాలి. జవాబు చెప్పనిచోట డబ్బు కట్టరాదు. ఒక విడత తప్పగానే ఆడపిల్లకు సంబంధాలు చూడడం, మగపిల్లవాణ్ణి పదిమందిలో మందలించడం మానుకోవాలి. ఒక పంట పోయిందని భూమిని బీడు పెట్టేవారు లేరు కదా. కాని ఎన్ని విడతలు ప్రయత్నించాలో, కుదరకపోతే డిగ్రీతో ఏ ఉద్యోగానికి పోవాలో కూడా మొదటనే అనుకోవడం మంచిది. హద్దు లేని ప్రయత్నం అప్పును పెంచుతుంది, మనసును కుంగదీస్తుంది.

ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు ప్రజలు కడుతూనే ఉన్నారు. ఊరి గ్రంథాలయంలో ఈ పాఠ్యగ్రంథాల జత ఒకటి, రాత్రి తొమ్మిది వరకు ఒక దీపం, నాలుగు కుర్చీలు ఉంటే పట్నం హాస్టలుకు పోలేని పిల్లలూ చదువుకోగలరు. పంచాయతీ పెద్దలు, గ్రంథాలయ సంస్థ అధికారులు దీనికి పూనుకోవాలి. తాకట్టు పెట్టిన అరెకరంకంటె ముందు గోడమీద వేలాడే క్యాలెండరు పనిచేయాలి. అప్పు తరువాతి మాట.