మాటల తూనికరాళ్ళు

పొద్దంతా వరినాట్లు వేసి ఇల్లు చేరిన స్త్రీని "మీరు వ్యాయామం చేస్తారా?" అని అడిగి చూడండి. "మాకంత తీరిక ఎక్కడిదండీ!" అంటుంది. ప్రశ్నావళిలో ఆమె జవాబు "ఎన్నడూ లేదు" అన్న గడిలో చేరుతుంది. ఉదయం అరగంట నడిచి తక్కిన పగలంతా కుర్చీలో గడిపే ఉద్యోగి జవాబు మాత్రం "ఎల్లప్పుడూ" అన్న గడిలో చేరుతుంది. ఇద్దరూ నిజమే చెప్పారు. అయినా శరీరశ్రమ లెక్క తలక్రిందులైంది.

మనోభావాలను మెట్లుగా అమర్చి కొలిచే పద్ధతిని 1932లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించాడు. పూర్తి ఆమోదం నుండి పూర్తి తిరస్కారం వరకు ఐదు మెట్లు. అలవాట్లను అడిగేటప్పుడు ఆ మెట్లు "ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు" అవుతాయి. చిక్కు ఇక్కడే. ఒకరికి వారంలో రెండు రోజులు నడవడమే "తరచుగా"; మరొకరికి ఐదు రోజులైనా "అప్పుడప్పుడే". చివరి మెట్టును "ఎప్పుడూ కాదు" అని అనువదిస్తే మరీ ప్రమాదం. అసలే చేయనని ఒకరు, అన్ని వేళలా చేయనని మరొకరు అర్థం చేసుకోవచ్చు.

అనువాదాన్ని పరీక్షించేందుకు ఒక మార్గమున్నది. మూలం చూడని వేరొకరిచేత దానిని తిరిగి మూలభాషలోకి మార్పించి, రెండింటినీ పోల్చడం. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ఈ పద్ధతిని విపులంగా చర్చించాడు. కాని "వ్యాయామం" అన్న మాట ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. నిఘంటువు ప్రకారం అది సరైన మాటే కదా! నాట్లు వేసే స్త్రీకి అది తన పనిని సూచించదన్న సంగతి ఏ పండితుడూ కాగితం చూసి చెప్పలేడు. ఆమెనే అడగాలి. "ఈ ప్రశ్న మీకేమని తోచింది?" అని సర్వేకు ముందే కొందరిని విచారించడం అందుకే అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శారీరక శ్రమ ప్రశ్నావళి పనిలో శ్రమను, నడక లేదా సైకిలు ప్రయాణాన్ని, తీరికవేళ ఆటలను వేరువేరుగా అడుగుతుంది. వారంలో ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు, ఊపిరి వేగం బాగా పెరిగిందా, కొద్దిగానా అని విచారిస్తుంది. ఆయాసం ఎరుగని మనిషి లేడు గనుక ఈ కొలత నాట్లు వేసేవారికీ, కుర్చీలో కూర్చునేవారికీ ఒక్కటే.

ఆరోగ్య ప్రణాళికలకు ఇటువంటి లెక్కలే ఆధారం. రోజంతా వంగి పనిచేసి అలసిన మనిషికి "కాస్త ఒళ్ళు వంచండి" అని హితవు చెప్పే దుర్గతి పట్టకుండాలంటే, ప్రశ్న వ్రాసేవారు ముందుగా ఆమె మాట నేర్చుకోవాలి.