ఆ ముసలమ్మ చిల్లర

నేను తమిళ బడిలో చదివినవాణ్ణి. తెలుగు రాత ఆలస్యంగా పట్టుబడింది. తప్పులుంటే మన్నించండి.

బుకింగ్ కౌంటరులో పనిచేసే రోజుల్లో ఒక ముసలమ్మ టికెట్ తీసుకుని, చిల్లర మరిచి బండికోసం పరుగెత్తింది. కేకేస్తే ఆగేది. నేను కేకెయ్యలేదు. రాత్రి లెక్కలో మిగిలిన ఆ డబ్బు టీ ఖర్చుకు పోయింది. ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివింది నేనే! నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. మర్నాటినుంచి ఎక్కువ తేలిన ప్రతి పైసా లెక్కలో చూపించాను.

డోర్నకల్ జంక్షన్ అంటే రైలువాళ్లకు బాగా తెలుసు. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్యగారు మన తిరునెల్వేలి వైపు తమిళులు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. చదువురాని కూలివాడి బతుకు కూడా సాక్ష్యమేనని ఆయన నమ్మకం.

ఉపవాస ప్రార్థనలు, పెద్ద సభలు వద్దని నేననను. కానీ దేవుణ్ణి వెంబడించడం సోమవారం పొద్దున మొదలవుతుంది. మామిడికాయల తూకంలో, కూలివాడికి సాయంత్రానికే ఇచ్చే కూలిలో, ఇంట్లో భార్యతో మాట్లాడే మాటలో అది కనబడాలి. పొరుగువాడు మన బైబిలు చదవకపోవచ్చు, మనల్ని మాత్రం రోజూ చదువుతాడు.

లెక్కలన్నీ అప్పజెప్పి రిటైరయ్యాను. ఆ ముసలమ్మ చిల్లర మాత్రం ఇంకా బాకీయే.