కొండవాలు తుప్పలను గూర్చి విన్నపము

శ్రీకాకుళ, విజయనగర జిల్లాల కలెక్టరులకును, అటవీశాఖాధికారులకును



ఇప్పపూవు లేరుకొనుటకై చెట్టుక్రింద రాజవేసిన చిచ్చు, పూర్వము రాలుటాకులను మాత్రము కాల్చి, నేలబారుగ సాగి చల్లారుచుండెడిది. కాని, ఆంగ్లేయులనాడు తోటల సొంపుకై అమెరికాఖండమునుండి కొనితేబడి, నేడు తూర్పుకనుమల నల్లుకొనిన లంటానా తుప్ప, తన యెండుకొమ్మలను నిచ్చెనగా నిలిపి, ఆ మంటను మద్ది, గుగ్గిలపు చెట్ల తలలదాక నెక్కించుచున్నది. అంతటితో పోదు. అడవిమొలకలు మాడిన చోట తొలకరికి తానే వేరుమొదలునుండి చిగిర్చి, మరుసటి వేసవికి మరింత దట్టమై నిలుచును.

పరదేశపు మొక్కయెల్ల శత్రువని నా మతము కాదు. ఉద్దానమునకు అన్నము పెట్టు జీడిచెట్టు బ్రెజిలునుండి వచ్చినదే, రైతు దానిక్రింద తుప్ప కొట్టి శుభ్రముగ నుంచును. దిక్కులేనిది ఊరికిని అడవికిని నడుమనున్న కొండవాలు; ఇండ్లస్థలముల లేఅవుట్లు ప్రాకుచున్నదియు అచ్చటికే. ఇట్లే హవాయిద్వీపములలో సాగు విడిచిన చెరకుభూముల నాక్రమించిన పరదేశపు గడ్డి, 2023 ఆగస్టులో పెనుగాలికి రగులుకొనగా, లహైనా పట్టణము దగ్ధమై సుమారు నూరుగురు అసువులు బాసిరి.

కావున, మాఘము ముగియకమునుపే ఆ తుప్పలను వేళ్లతో పెకలింపించి, ఆ కూలిని స్థానిక వన సంరక్షణ సమితులకే ఇప్పించి, కొండయంచున లేఅవుటునకు అనుమతి నిచ్చునపుడు ఇండ్లకును అడవికిని నడుమ ఖాళీనేలను తప్పనిసరి చేయుడని ప్రార్థించుచున్నాను.