అదృశ్యవిమానములు – అన్వేషణధర్మము

విమానమొకటి ఆకాశమున కెగసి తిరిగి రానిచో లోకమున రెండు పనులు మొదలగును. ఒకటి అన్వేషణము, రెండవది కట్టుకథ. అన్వేషణమునకు ధనమును, కాలమును, ఓరిమియు వలయును. కట్టుకథకు నాలుక యొకటి చాలును. నిజము నిలకడమీద తెలియు నందురు. అంతవరకు నిలుచువా రెందరు?

1947 ఆగస్టు 2వ తేదీన ‘స్టార్ డస్ట్’ అను బ్రిటిషు విమానము పదునొకండుగురితో బ్యూనస్ ఎయిరీస్ నుండి శాంటియాగోకు పోవుచు ఆండీస్ పర్వతములలో మాయమయ్యెను. చేరుటకు నాలుగు నిమిషములు కలదనగా మోర్సు సంకేతములలో ‘స్టెండెక్’ అను అర్థము కాని మాటను ముమ్మారు పంపెను. బ్రిటిషు రాజపత్రవాహకు డొకడు అందుండుటచే కుట్రయని కొందరనిరి. అన్యగ్రహవాసు లెత్తుకొనిపోయిరని మరికొంద రనిరి. అర్ధశతాబ్దము గడచినపిదప, 1998లో, తుపుంగాటో పర్వతమున ఆరోహకులకు ఇంజను కానవచ్చెను. 2000లో అర్జెంటీనా సైనికులు శిథిలములను చేరిరి. ఎగువ ఆకాశమున వీచు ప్రచండమైన ఎదురుగాలి వేగము నెఱుగక, కొండలు దాటితిమని భ్రమించి, మేఘములలో క్రిందికి దిగి హిమానీనదమున కూలిరని పరిశోధకులు నిర్ణయించిరి. కుట్రయు లేదు, గ్రహాంతరవాసులును లేరు. ఆ యొక్క మాట మాత్రము నేటికిని తేలలేదు.

ఇది పరదేశపు ముచ్చటయని పాఠకులు తలపవలదు. 2016 జూలై 22న తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు 29 మందితో బయలుదేరిన మన వాయుసేనవారి ఏఎన్-32 విమానము బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. అందలి యెనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. ఏడున్నర యేండ్లకు, 2024 జనవరిలో, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలయంత్రము విమానశకలముల ఛాయాచిత్రములను తీసెను. ఆ ప్రాంతమున వేరొక విమానము కూలిన చరిత్ర లేనందున అవి దానివే కావచ్చునని రక్షణశాఖ ప్రకటించెను.

మృతులకై సాగరగర్భమున ధనము పోయుట యేల యని యడుగువారు కలరు. వారికి మా ప్రత్యుత్తర మిది. మనిషి తిరిగిరాని యింట, కబురును రానిచో, కర్మ చేయుటకు చేతులాడవు. ఆశ విడుచుటకు మనసొప్పదు. ప్రభుత్వము మృతులని నిర్ణయించినను తల్లి హృదయము నిర్ణయింప నొల్లదు. అదియుగాక, కారణ మెఱుగని ప్రమాదము మరల రాకుండ కాచుకొనుట యెట్లు?

కావున ప్రభుత్వమువారు ఇట్టి విషయముల దస్త్రములను కట్టి అటకకెక్కింపరాదు. దొరకినదానిని దొరకినట్లు, తేలనిదానిని తేలలేదని, ముందుగా ఆ కుటుంబములకును పిదప ప్రజలకును తెలుపవలయును. అధికారులు మౌనము వహించినచోటనే వదంతి మొలచును. పాఠకులును వింతకథలను చెవినిడునప్పుడు, ఆ కథవెనుక తలుపు తెఱచియుంచి కూర్చున్న యిల్లొకటి కలదని స్మరింతురుగాక.